చెట్టు తొర్రలో చెంచాడు నీళ్లు

దోమల పనిలో కొత్తగా చేరినవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఏ మందు బాగా పనిచేస్తుంది? మందు సంగతి ట్రైనింగులో చెబుతారు, డబ్బా మీద కూడా రాసి ఉంటుంది. నేను చెప్పాలనుకున్నది వేరు. ఇది మందు కొట్టే పని కాదు, నీళ్లు వెతికే పని. విశాఖపట్నంలో ముప్పై ఏళ్లకు పైగా ఇళ్ల వెనక, చెట్ల కింద, తొట్ల మీద వంగి నేను చేసింది అదే. రిటైరై రెండేళ్లయింది. ఇప్పటికీ తొలి వాన పడి నాలుగు రోజులు గడిచాయంటే నాకు కాలు నిలవదు. పక్కింటి పెరట్లోకి తొంగి చూస్తాను. మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ప్రమోషన్ల గురించి, ఫైళ్ల గురించి రాయను. అవి అందరికీ ఒకలాగే ఉంటాయి. నాకు పని నేర్పిన ఒక ఆఫీసరు గురించి, నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి, ఆ తప్పు దిద్దుకోవడానికి చెట్లెక్కిన ఒక వానాకాలం గురించి రాస్తాను.

కలెక్టరు ఉద్యోగం

మాది జాలరిపేట. నాన్న వేటకు వెళ్లేవాడు, అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది. నాకొచ్చిన ఉద్యోగం పేరు ఇన్సెక్ట్ కలెక్టర్. మా అమ్మ అందులో రెండో మాట మాత్రమే పట్టుకుని, "మా నూకరత్నం కలెక్టరయ్యింది" అని పేటంతా చెప్పింది. వారం తర్వాత నేను సీసాలు, గరిటె, టార్చి లైటు ఉన్న సంచీ భుజాన వేసుకుని అదే పేటలోకి వచ్చేసరికి అమ్మకు తల కొట్టేసినట్టయింది.

"సేపలు పట్టే ఇంట పుట్టి పురుగులు పడతన్నావేటే?" అంది.

నన్ను అక్కడికి తీసుకొచ్చింది మా బయాలజిస్ట్ మూర్తిగారు. సన్నగా ఉండేవారు. మెల్లగా మాట్లాడేవారు. వేట నిషేధం రోజులు కావడంతో పడవలన్నీ ఒడ్డుకు లాగి ఉన్నాయి. ముందు రోజు కురిసిన వాన ఒక పాత పడవ అడుగున నిలిచింది. దాంట్లో అంతకు ముందు వానల నీళ్లు కూడా ఉన్నాయి. ఆయన పొడవాటి పిడి ఉన్న తెల్ల గరిటెతో ఆ నీళ్లు ముంచి నా ముందు పెట్టారు.

నాకు ఏమీ కనిపించలేదు. "కదలకుండా నిలబడు, నీ నీడ పడనివ్వకు" అన్నారు. నిలబడ్డాను. ఒక నిమిషం గడిచాక గరిటె అడుగు నుంచి సన్నటి పోగులు మెలికలు తిరుగుతూ పైకి వచ్చాయి. ఒకటి, మూడు, పది. నేను చెయ్యి అడ్డం పెట్టగానే అన్నీ ఒక్కసారిగా కిందికి మునిగాయి. చెయ్యి తీస్తే మళ్లీ వచ్చాయి.

పుట్టినప్పటి నుంచి ఆ పడవల మధ్య ఆడుకున్నదాన్ని. ఆ నీళ్లలో కాళ్లు పెట్టినదాన్ని. అందులో ఏముందో ఒక్కసారీ చూడలేదు. ఆ రోజు నాకు కలిగిన ఉత్సాహం ఇన్నేళ్లలో తగ్గలేదు. తలకిందులుగా వేలాడేవి ఏవో, నీటి మీద పుల్లలా అడ్డంగా తేలేవి ఏవో, ఒళ్లంతా తిప్పుకుంటూ ఈదేవి ఏవో, వాటిని బట్టి రేపు ఏ దోమ లేస్తుందో, ఏ జ్వరం వస్తుందో చెప్పవచ్చని మూర్తిగారు చెబుతుంటే నాకు తిండి ధ్యాస పోయింది. మీకు కూడా మొదటి గరిటెలో అలా అనిపించకపోతే, నా మాట విని వేరే ఉద్యోగం చూసుకోండి.

పొగ

మధ్యలో కొన్నాళ్లు మాకు మరో ఆఫీసరు వచ్చారు. ఆయనకు పొగ అంటే ఇష్టం. ఎక్కడ ఫిర్యాదు వచ్చినా పొగ మిషన్ పంపించేవారు. వీధంతా తెల్లగా కమ్ముకుంటుంది, జనం గుమ్మాల్లోకి వచ్చి చూస్తారు, ఇంకోపాలి కొట్టమని అడుగుతారు. చూడ్డానికి పని జరిగినట్టు ఉంటుంది.

పొగ చెడ్డదని నేను అనను. జ్వరాలు గుప్పున లేచినప్పుడు, రోగిని కుట్టిన దోమ ఇంకొకరిని కుట్టకముందే చంపడానికి అది కావాలి. కానీ పొగ ఎగిరే దోమకే తగులుతుంది. తొట్టిలో ఈదేదానికి ఏమీ కాదు. పొగ ఆరిపోయిన మర్నాడు ఆ తొట్టిలోంచి కొత్త దోమలు లేస్తాయి. ఆ ఆఫీసరుకు ఈ మాట నేను రెండుసార్లు చెప్పాను. రెండోసారి చెప్పినందుకు నన్ను ఆరు నెలలు మందుల స్టోరులో కూర్చోబెట్టారు. మంచి మనిషే. జనం ఏది అడిగితే అది ఇచ్చేవారు, జనానికి ఏది కావాలో చూసేవారు కాదు. పైవాళ్లలో ఇలాంటివాళ్లు మీకూ తగులుతారు. ఎదురు తిరగకండి. ఒక గరిటెడు నీళ్లు పట్టుకెళ్లి బల్ల మీద పెట్టండి. నేను మాటలు చెప్పాను, నీళ్లు చూపించలేదు. అది నా తెలివితక్కువ.

బాదం చెట్టు

ఇక నా తప్పు.

గాజువాక దాటాక చెట్లు దట్టంగా ఉన్న ఒక కాలనీ ఉంది. పేరు చెప్పను. ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైనవాళ్లు కట్టుకున్న ఇళ్లు. ప్రతి ఇంటి వెనకా పెరడు, పెరడు నిండా మామిడి, పనస, సపోటా, బాదం. మధ్యాహ్నం కూడా అక్కడ ఎండ నేల మీద పడదు. ఆ ఏడాది వానలు మొదలైన నెలకు ఒకే సందులో వరసగా డెంగీ జ్వరాలు వచ్చాయి.

నేను, మా స్ప్రే పని చేసే అప్పలరాజు ఆ సందు మొత్తం వెతికాం. అప్పలరాజుది సబ్బవరం దగ్గర పల్లె. అక్కను పిలిచినట్టు నన్ను అప్పా అని పిలిచేవాడు. డ్రమ్ములు, పూలకుండీల కింద పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రేలు, కొబ్బరి చిప్పలు, అన్నీ పారబోయించాం. అయినా పట్టపగలు చెట్ల కింద నిలబడితే నల్లటి ఒంటి మీద తెల్లటి చారల దోమలు కాళ్ల చుట్టూ మూగుతున్నాయి. ఇది పగటిపూట కుట్టే దోమ. దూరం ఎగరదు. అంటే ఎక్కడో అక్కడే పుడుతోంది.

నాలుగో రోజున పార్వతమ్మగారి పెరట్లో దొరికింది. ఆవిడ భర్త క్రేన్ ఆపరేటరుగా చేసి పోయారు. ఆవిడ, కొడుకూ కోడలూ, మనవరాలు జాహ్నవి ఆ ఇంట్లో ఉంటారు. పెరట్లో పెద్ద బాదం చెట్టు. దాని కాండంలో, నా భుజమంత ఎత్తున, ఒక తొర్ర. టార్చి వేస్తే లోపల నీళ్లు మెరిశాయి. సీసాలోకి తీసి చూస్తే నిండా పురుగులు. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆ ఊపులోనే రిపోర్టులో రాసేశాను: చెట్టు తొలగించాలి.

పార్వతమ్మగారు ఒప్పుకోలేదు. ఆ చెట్టు ఆయన నాటింది అన్నారు. నేను జ్వరాల లెక్క చెప్పాను, పిల్ల ఉన్న ఇల్లు అన్నాను, భయపెట్టాను. చివరికి ఆవిడ తల ఊపారు. కాలనీ సంఘంవాళ్లు రెండు రోజుల్లో కొట్టించేశారు. నేను మ్యాపులో ఆ సందుకు టిక్కు పెట్టి వేరే వార్డుకు వెళ్లిపోయాను.

మూడు వారాల తర్వాత ఆ సందు నుంచే మళ్లీ రిపోర్టు వచ్చింది. పేరు చూశాను. జాహ్నవి. తొమ్మిదేళ్లు. ఆసుపత్రిలో చేర్చారు, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి.

నేను ఆసుపత్రికి వెళ్లకుండా ముందు ఆ పెరట్లోకి వెళ్లాను. చెట్టు లేదు. మోకాలెత్తు మొద్దు ఉంది. దాని మీద ఎండు ఆకులు, విరిగిన కొమ్మలు పేర్చి ఉన్నాయి. వాటిని తీసి చూస్తే మొద్దు నడుమ బోలుగా ఉంది. తొర్ర కాండం లోపల కిందిదాకా ఉందన్నమాట. చెట్టు ఉన్నప్పుడు చిన్న నోటితో చెంచాలకొద్దీ పట్టిన నీళ్లు, ఇప్పుడు బకెట్టులా నోరు తెరిచిన మొద్దులో చెంబుల కొద్దీ నిలిచాయి. ఆకుల నీడ, వాన నీళ్లు, పక్కనే మనుషులు. దోమకు ఇంతకన్నా ఏం కావాలి? గరిటె వెయ్యాల్సిన అవసరం కూడా లేకపోయింది. నీళ్లు ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి.

ఒక సీసాడు పక్కన పెట్టి మిగతా నీళ్లు తీసి పారబోశాను. మొద్దు లోపలి గోడలు కొబ్బరి పీచుతో రుద్దాను, గుడ్లు గోడకు అంటుకుని ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి కనుక. మట్టి కూరి గట్టిగా తొక్కాను. అప్పుడు ఆసుపత్రికి వెళ్లాను.

పార్వతమ్మగారు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నారు. మొద్దు గురించి చెప్పేశాను. ఉన్నది ఉన్నట్టు.

ఆవిడ గొంతు పెంచలేదు. "నువ్వు సెప్పినావనే కొట్టించినాను. మా ఆయన సెట్టు పోయింది, జొరం ఆగలేదు. ఇంకేటి కొట్టమంటావు?" అన్నారు.

ఆరు రోజులు రోజూ వెళ్లాను. ఆవిడ నాతో మాట్లాడలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు. ఏడో రోజు పిల్ల లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. వరండాలోకి వచ్చి గోడకు తిరిగి ఏడ్చాను. ఎనిమిదో రోజు ఇంటికి పంపించారు.

మూర్తిగారికి అప్పటికి రిటైర్మెంటు దగ్గరపడింది. అంతా విన్నారు. నన్ను తిట్టలేదు. "నువ్వు చెట్టును చూశావు రత్నం, నీళ్లను చూడలేదు. నీళ్లు పోతే చెట్టు ఉన్నా ఫర్వాలేదు. నీళ్లు ఉంటే చెట్టు పోయినా లాభం లేదు" అన్నారు. ఇంకో మాట కూడా అడిగారు: చెట్టు కొట్టిన ఎనిమిదో రోజు మళ్లీ ఎందుకు వెళ్లి చూడలేదు అని. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే చెబుతున్నాను, మ్యాపులో టిక్కు పెట్టి రావద్దు. ఏ చోటికైనా ఎనిమిదో రోజు మళ్లీ వెళ్లండి.

ఆదివారం మీటింగు

నా తప్పు అక్కడితో ఆగలేదు. బాదం చెట్టు కథ విన్న కాలనీ సంఘం అధ్యక్షుడు రమణగారు వేరే అర్థం తీశారు. ఒక చెట్టు కొడితే చాలలేదు కాబట్టి సందులో చెట్లన్నీ కొట్టేద్దామన్నారు. ఆదివారం పొద్దున మీటింగు పెట్టారు. నన్నూ పిలిచారు, దన్నుగా మాట్లాడతానని.

లేచి నిలబడి, చెట్టు కొట్టమని రాసింది నేనే, అది తప్పు అని చెప్పాను. సీసా చూపించాను. మొద్దులోంచి తీసి స్పిరిట్లో దాచిన పురుగులు అందులో ఉన్నాయి. సీసా చేతులు మారింది. కొందరు మొహం తిప్పుకున్నారు, కొందరు కళ్లద్దాలు సవరించుకుని మరీ చూశారు. రెండు వారాలు గడువు ఇమ్మన్నాను. ఒక్క చెట్టూ కొట్టకుండా దోమలు తగ్గిస్తాను, తగ్గకపోతే మీ ఇష్టం అన్నాను. రమణగారు ఒప్పుకోలేదు. చిన్న పిల్ల చావు దాకా వెళ్లి వచ్చింది, ఇంకా ప్రయోగాలేమిటి అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. జనం అటే మొగ్గారు.

అప్పుడు వెనక కుర్చీలోంచి పార్వతమ్మగారు లేచారు. ఆవిడ వచ్చారని కూడా నాకు తెలియదు.

"ఆ పిల్ల నా మనవరాలు. సెట్టు పోయింది నా పెరట్లోది. రెండూ నాయే కదా, నాను మాటాడతాను. సెట్టు కొట్టేసినాకే జొరమొచ్చింది. ఈ అమ్మాయి తప్పు సేసింది. సేసినానని ఒప్పుకుంది. ఆసుపత్రికి రోజూ వచ్చింది. రెండు వారాలియ్యండి. నాను కూడా సూత్తాను ఏటి సేత్తాదో."

రెండు వారాలు ఇచ్చారు.

అప్పలరాజు ఎక్కిన చెట్లు

నా ఉద్యోగం మొత్తంలో అంత హుషారుగా గడిచిన రెండు వారాలు ఇంకెప్పుడూ లేవు.

అప్పలరాజు చిన్నప్పుడు జీడితోటల్లో చెట్లెక్కి పెరిగినవాడు. నిచ్చెన తెస్తే అక్కర్లేదన్నాడు. ఒక పెద్ద సిరంజికి జానెడు సెలైన్ గొట్టం తగిలించాను. గరిటె దూరని తొర్రలోకి గొట్టం దించి పీలిస్తే నీళ్లు సిరంజిలోకి వస్తాయి. దాన్ని నడుముకు కట్టుకుని వాడు ఎక్కేవాడు, కింద నుంచి నేను చెప్పేదాన్ని.

మొదటి రెండు రోజులూ ఏమీ దొరకలేదు. మూడో రోజు ఒక మామిడి చెట్టు కింద నిలబడి పైకి చూస్తుంటే నాకు తట్టింది. ఆ చెట్టుకు ఒక పక్క కొమ్మే లేదు. కొన్నేళ్ల కిందటి తుఫాను నగరంలో చెట్లను ఎలా విరిచేసిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. కొమ్మ ఊడిన చోట కర్ర మెల్లమెల్లగా కుళ్లుతుంది. ఏళ్లు గడిస్తే అక్కడ గిన్నె తయారవుతుంది. నేల నుంచి చూస్తే చెట్టు పచ్చగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. గాయం పైన ఉంటుంది.

"అప్పలరాజూ, కొమ్మ ఇరిగిన కాడ సూడు" అన్నాను.

వాడు పైన గొట్టం దించి పీల్చాడు. తర్వాత సిరంజికి తాడు కట్టి దించాడు. టీ డికాషన్ రంగు నీళ్లు. వెలుతురుకు పట్టుకున్నాను. మెలికలు తిరుగుతూ ఐదారు పురుగులు.

"ఉన్నాయా అప్పా?" అన్నాడు పైనుంచి.

ఉన్నాయన్నాను. అంతవరకూ మేం సందు సందంతా నేల మీద వెతికాం. దోమలు మా తలల పైన పుడుతున్నాయి.

ఆ తర్వాత చెట్టు చూడటం మానేశాం, తుఫాను దెబ్బలు చూడటం మొదలుపెట్టాం. ఎక్కడ కొమ్మ లేదో అక్కడికే ఎక్కాడు. సగానికి పైగా చోట్ల నీళ్లున్నాయి. ఒక్కోదాంట్లో చెంచాడు, ఒక్కోదాంట్లో గ్లాసుడు. నీళ్లు పీల్చేసి, లోపల కుళ్లు గోకి, పొడి ఇసుక నింపాం. సిమెంటు వెయ్యకండి, చెట్టు ఊపిరాడక ఇంకా కుళ్లుతుంది. ఇసుకైతే నీళ్లు ఇంకుతాయి, పైన నిలవవు. వారం తిరిగేసరికి ఇళ్లలోంచి ఆడవాళ్లు బయటికి వచ్చి మా పెరట్లో కూడా ఓ కొమ్మ పోయింది రమ్మని పిలవడం మొదలుపెట్టారు. పార్వతమ్మగారు ఇసుక జల్లించి తట్టలో పెట్టి ఇచ్చేవారు. నాతో మాటలు మాత్రం అవసరానికే.

దోమలు తగ్గాయి, సందుకు ఒక చివర తప్ప. అక్కడ మాత్రం ఎప్పటిలాగే మూగుతున్నాయి. అది రమణగారి ఇల్లు. ఆయన పెరట్లో చెట్లే లేవు, ముందే కొట్టించేశారు. డ్రమ్ములు లేవు. నేల సిమెంటు. నాకు మతి పోయింది. రోజు మొత్తం ఆ ఇంటి చుట్టూ తిరిగాను. సాయంత్రం అలసిపోయి ఆయన కంచెకు చెయ్యి ఆనించి నిలబడ్డాను. అరచేతికి తడి తగిలింది.

అది వెదురు కంచె. అందంగా ఉంటుందని కొత్తగా వేయించారు. ప్రతి బొంగూ కణుపుకు బెత్తెడు పైన కోశారు. అంటే ప్రతి బొంగూ పైన ఒక గ్లాసు. ఇంటి చుట్టూ వానకు నిండిన గ్లాసులు వరసగా నిలబడి ఉన్నాయి. సిరంజి ఏ బొంగులో ముంచినా పురుగులే.

రమణగారిని పిలిచి చూపించాను. మీటింగు మాట ఎత్తలేదు. ఆయన రెండు బొంగుల్లోకి తొంగి చూసి, లోపలికి వెళ్లి లుంగీ మార్చుకుని రంపంతో వచ్చారు. కణుపుకు సమంగా కొయ్యాలని చెప్పాను. చీకటి పడేలోపు ఆయనే సగం కోశారు. మిగతా సగం మర్నాడు.

ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. తప్పు పట్టుబడిన మనిషికి రంపం చేతికివ్వండి, ఉపన్యాసం ఇవ్వకండి. నాకు మూర్తిగారు చేసింది అదే.

ఒక గంట

రెండు వారాలు ముగిసిన రోజు సాయంత్రం నాలుగింటికి, ఆ దోమ ఎక్కువ కుట్టే వేళ, నేను పార్వతమ్మగారి పెరట్లో స్టూలు వేసుకుని, చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా ఎత్తి, కాళ్లు చాపుకుని కూర్చున్నాను. వాలిన దోమను కుట్టకముందే సీసాలో పట్టడం పాత రోజుల పద్ధతి. మీరు చెయ్యకండి, ఇప్పుడు దానికి వలలు వచ్చాయి. నేను చేశానంటే, సంఘంవాళ్లకు రిపోర్టు కాగితం చూపించడం నాకు ఇష్టం లేకపోయింది. రమణగారు, ఇంకో నలుగురు గోడ అవతల నిలబడి చూస్తున్నారు.

పది నిమిషాలు గడిచాయి. ఏదీ వాలలేదు. మామూలుగా ఆ పెరట్లో కూర్చుంటే ఆ పది నిమిషాల్లో పిక్కలు ఎర్రబడేవి.

తలుపు చప్పుడైంది. పార్వతమ్మగారు ఇంకో స్టూలు తెచ్చి నా పక్కన వేసుకున్నారు. చీర ఎత్తి ఆవిడ కాళ్లు కూడా చాపారు. వద్దమ్మా అన్నాను. ఆసుపత్రి వరండా తర్వాత ఆవిడ నాతో మనసు విప్పి మాట్లాడింది అప్పుడే.

"ఒక్కదానివీ ఎందుకు? నాలుగు కాళ్లుంటే బాగా తెలుత్తాది కదా."

గంట కూర్చున్నాం. ఇద్దరం ఎదురుగా ఉన్న ఖాళీ చోటునే చూస్తున్నాం. మొద్దు తవ్వి తీసేశారు, మట్టి పూడ్చిన గుర్తు మాత్రం ఉంది. ఆ గంటలో నాలుగు కాళ్ల మీద ఒక్క దోమ కూడా వాలలేదు. గోడ అవతల ఎవరో చప్పట్లు కొట్టబోయి, ఎందుకో ఆగిపోయారు. నాకైతే గంతులు వెయ్యాలనిపించింది.

పార్వతమ్మగారు చీర సర్దుకుంటూ అడిగారు. "ఆ కాడ మళ్లీ ఒక మొక్క ఎయ్యొచ్చేటి?"

వెయ్యండమ్మా అన్నాను. ఏ మొక్క అన్నారు. ఏదైనా సరే అనబోయాను. వేప వెయ్యండి, దోమలు రావంటారు, అని చెప్పి తప్పించుకోవచ్చు కూడా. కానీ ఆవిడ అడుగుతున్నది దోమల గురించి కాదు.

"బాదమే ఎయ్యండి. తొర్ర పడితే నాను వచ్చి సూసుకుంటాను" అన్నాను.

ఆవిడ లోపలికి కేకేశారు, జాహ్నవీ, గునపం ఇలా తేవే అని.